పొయ్యి మండుతుంటే 20.9 ఎలా వస్తుంది? కాలుష్య నియంత్రణ మండళ్లకు ఒక బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్ల సభ్య కార్యదర్శులకు,

నమస్కారం.

నేను 23 ఏళ్లు చిమ్నీలు ఎక్కి బతికాను. పొగ కొలిచే యంత్రాలను బిగించడం, వాటి లెక్క సరిచూడడం, చెడిపోతే బాగుచేయడం నా ఉద్యోగం. నడుముకు బెల్టు, భుజాన పనిముట్ల సంచి, ఎదురుగా 30 మీటర్ల ఇనుప నిచ్చెన. మోకాళ్లు మొరాయించాక దిగిపోయాను. దిగాకే ఈ ఉత్తరం రాయడానికి ధైర్యం వచ్చింది. ఉద్యోగంలో ఉండగా రాసి ఉంటే మరునాడు గేటు దగ్గరే ఆపేసేవారు.

ఒక ఉదయం సంగతి చెబుతాను. కర్మాగారం పేరు, ఊరు చెప్పను. అలాంటివి నేను ఒకటికి మించి చూశాను కనుక ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. డిసెంబరు నెల. బాయిలర్ హోరుమంటోంది, బెల్టు మీద బొగ్గు పోతోంది, చిమ్నీ కొసన పొగ కంటికి కనిపిస్తోంది. కింద, పొగలో ఏది ఎంత ఉందో కొలిచే ఎనలైజర్ గదిలో తెర మీద మాత్రం సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు, ఆక్సిజన్ 20.9 శాతం. 20.9 అంటే మీరూ నేనూ పీల్చే మామూలు గాలి. బొగ్గు మండిందంటే ఆక్సిజన్ ఖర్చవుతుంది, సవ్యంగా నడిచే బాయిలర్ చిమ్నీలో అది 5 నుంచి 10 శాతం దగ్గర ఉంటుంది. ఆ యంత్రం పీలుస్తున్నది పొగను కాదు, తాను కూర్చున్న ఏసీ గది గాలిని. వెనక్కి వెళ్లి చూస్తే చిమ్నీ నుంచి పొగను తెచ్చే శాంపిల్ గొట్టం జాయింటు వదులుగా ఉంది. ఎవరైనా బిగించడం మరిచారా, కావాలని వదిలారా అని నేను అడగలేదు. నట్టు మీద రెంచి గాట్లు మాత్రం కొత్తవి.

ఆ 2, ఆ 20.9 రెండూ 15 నిమిషాలకోసారి బుద్ధిగా మండలి సర్వరుకు వెళ్తూనే ఉన్నాయి. హద్దు దాటలేదు కనుక ఎవరి ఫోనుకూ హెచ్చరిక సందేశం రాలేదు. ఈ ఏర్పాటులో ఉన్న అసలు లోపం ఇదే. అంకె మరీ పెద్దదైతే గంట మోగుతుంది. అంకె మరీ మంచిదైతే మోగే గంట అక్కడ లేదు.

ఈ యంత్రాలు చిమ్నీల మీదికి ఎలా వచ్చాయో మీకు నేను చెప్పనక్కరలేదు గాని, ఈ ఉత్తరం చదివే మామూలు జనం కోసం రెండు మాటలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరి 5న ఒక ఆదేశం ఇచ్చింది. బాగా కాలుష్యం వెదజల్లే 17 రకాల పరిశ్రమలు తమ పొగను, మురుగునీటిని నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టుకుని, ఆ అంకెలను ఇంటర్నెట్ ద్వారా మండళ్లకు పంపాలని దాని సారాంశం. సిమెంటు, విద్యుత్తు, ఎరువులు, చక్కెర, కాగితం, పురుగుమందులు, మనకు బాగా దగ్గరైన ఔషధ పరిశ్రమ, అన్నీ ఆ 17లో ఉన్నాయి. తర్వాత 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు, పర్యావరణ సురక్షా సమితి కేసులో, ఆ అంకెలు రాష్ట్ర మండలి పోర్టల్‌లో ప్రజలకు కనిపించేలా ఏర్పాటు చేయాలని చెప్పింది. అప్పటిదాకా ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరో వచ్చి శాంపిల్ తీసుకుపోతే అదే లెక్క. వచ్చే రోజు ముందే తెలిసిపోయేది, ఆ రోజు ధూళిని వడకట్టే బ్యాగ్ ఫిల్టర్లు పెళ్లికూతుళ్లలా ఉండేవి. దానితో పోలిస్తే రేయింబవళ్లు కొలిచే యంత్రం ఎంతో మెరుగు. కాబట్టి నేను ఈ సాంకేతికతకు వ్యతిరేకిని అనుకోకండి. దాని ఉప్పు తిన్నవాడిని.

అయితే యంత్రం ఎవరి సొమ్ము? కర్మాగారానిది. ఉన్నది ఎవరి ఆవరణలో? కర్మాగారం ఆవరణలో. దాని నిర్వహణ కాంట్రాక్టు ఎవరిస్తారు? కర్మాగారమే. మా జీతం ఆ కాంట్రాక్టు డబ్బులోంచే వచ్చేది. పరీక్ష రాసే పిల్లవాడే పేపరు దిద్దే మాస్టారుకు నెలజీతం ఇస్తే మార్కులు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. చాలామంది యజమానులు మమ్మల్ని ఏమీ అడగలేదు, అది చెప్పకపోతే పాపం. అడిగినవాళ్లు కూడా అబద్ధం చెప్పమని అనరు. “రేంజి కాస్త చూడండి” అంటారు, టీ తెప్పిస్తారు.

రేంజి చూడడమంటే ఏమిటో వివరించాలి. ఎనలైజర్ తాను కొలిచినదాన్ని చాలాచోట్ల ఒక చిన్న విద్యుత్ ప్రవాహంగా మార్చి, అంకెలు రాసుకుని పంపే పెట్టెకు, అంటే డేటా లాగర్‌కు అందిస్తుంది. 4 మిల్లీ ఆంపియర్లు వస్తే సున్నా అని, 20 వస్తే కొలత పట్టీలో చివరి అంకె అని అర్థం. ఆ చివరి అంకె ఎంత అన్నది ఎనలైజర్ లోపల ఒకటి, లాగర్ లోపల ఒకటి, రెండుచోట్ల రాసి ఉంటుంది. ధూళి పరిమితి 50 మిల్లీగ్రాములు అనుకుందాం. ఎనలైజర్‌లో చివరి అంకె 200 ఉండగా లాగర్‌లో 100 అని రాస్తే ప్రతి అంకె సగమైపోతుంది, 80 వెళ్లి 40 అవుతుంది. రెండుచోట్లా 48 అని పెడితే ఇంకా సులువు, చిమ్నీ నల్లగా కక్కినా తెర మీద గీత 48 దగ్గర తల వంచుకుని నిలబడుతుంది. రెంచి కూడా అక్కరలేదు, పాస్‌వర్డు ఉంటే చాలు. రోజంతా గీసిన గీతలా ఒకే అంకె వస్తోందంటే అది క్రమశిక్షణ కాదు. నిజమైన పొగకు ఊపిరి ఉంటుంది, బొగ్గు వేసినప్పుడల్లా పైకి లేస్తుంది, మసి దులిపినప్పుడు ఎగసిపడుతుంది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. తప్పు అంకెల్లో చాలా వాటికి దురుద్దేశం ఉండదు. ధూళి కొలిచే యంత్రపు కటకం మీద మసి పడుతుంది. దాన్ని శుభ్రంగా ఉంచే చిన్న బ్లోయర్ ఫిల్టరు ఏడాదిగా మార్చి ఉండరు. వర్షాకాలంలో శాంపిల్ గొట్టంలో నీరు చేరితే సల్ఫర్ డయాక్సైడ్ అందులోనే కరిగిపోతుంది, ఎనలైజర్‌కు చేరేసరికి ఏమీ మిగలదు. సరిచూసే గ్యాస్ సిలిండర్ గడువు తీరి ఉంటుంది. చిమ్నీకి రంధ్రం ఎక్కడ పెట్టాలన్న దానికీ లెక్క ఉంది. వంపు పక్కనే పెడితే అక్కడ పొగ సుడులు తిరుగుతుంది, కొలత నిలవదు. నిచ్చెన వేయడానికి వీలుగా ఉందని వంపు పక్కనే పెట్టిన చోట్లు నాకు తెలుసు. యంత్రాల నాణ్యతను ధ్రువీకరించే బాధ్యతను కేంద్రం 2019లో జాతీయ భౌతిక ప్రయోగశాలకు అప్పగించింది. మంచిదే. కానీ ధ్రువీకరణ పొందిన యంత్రాన్ని తప్పు రంధ్రంలో పెడితే అది ధ్రువీకరించిన తప్పు చెబుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. దీనికి మన దేశంలోనే ఒక జవాబు ఉంది, వెతుక్కోవడానికి ఎక్కడికీ పోనక్కరలేదు. గుజరాత్‌లో కర్మాగారాలు తమ కాలుష్యం కొలిచి నివేదిక రాసే ఆడిటర్లను తామే ఎంచుకుని తామే డబ్బిచ్చేవి. ఆ నివేదికలు చూస్తే ధూళి అంకెలు అప్పటి పరిమితి 150కి సరిగ్గా కిందుగా గుంపుగా చేరి ఉండేవి, సినిమా హాలు ముందు వరుసలా. ఆర్థికవేత్తలు ఎస్తేర్ డుఫ్లో (ఆమెకు ఆ తర్వాత నోబెల్ వచ్చింది), మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయన్ అక్కడి మండలితో కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని కర్మాగారాలకు ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించారు. జీతం ఒక ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్నిచోట్లకు వెనకాలే ఇంకొకరిని పంపి మళ్లీ కొలిపించారు. మనుషులు మారలేదు, యంత్రాలు మారలేదు, డబ్బు వచ్చే దారి మారింది. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కర్మాగారాల కాలుష్యం కూడా తగ్గింది. ఈ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఇన్నేళ్లయినా చిమ్నీ యంత్రాల నిర్వహణకు మనం అదే సూత్రాన్ని ఎందుకు వాడుకోకూడదు? కర్మాగారం కట్టే డబ్బు మండలి ఖాతాలో పడాలి, టెక్నీషియన్‌ను మండలి లాటరీలో పంపాలి, ఎవరు వస్తారో గేటు దగ్గరికి వచ్చేదాకా తెలియకూడదు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత ఊరటో మీకు తెలియదు. నిజం చెప్పినందుకు కాంట్రాక్టు పోదంటే నిజం చెప్పేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు.

అదే రాష్ట్రంలోని సూరత్‌లో 2019లో మొదలైన ఉద్గారాల మార్కెట్ నుంచి కూడా ఒకటి నేర్చుకోవచ్చు. బొగ్గు కాల్చే దాదాపు 300 కర్మాగారాలు, ఎక్కువగా వస్త్ర పరిశ్రమవి, అన్నిటికీ ధూళి కొలిచే సెన్సర్లు పెట్టారు. సగం వాటిని మాత్రమే మార్కెట్‌లోకి తెచ్చారు. అంటే ఎక్కువ ధూళి వదిలితే పర్మిట్లు కొనుక్కోవాలి, తక్కువ వదిలితే అమ్ముకోవచ్చు. మార్కెట్‌లో ఉన్న సగం మిగతా సగంతో పోలిస్తే 20 నుంచి 30 శాతం తక్కువ ధూళి వదిలింది. సెన్సర్లు రెండు గుంపులకూ ఉన్నాయని గమనించండి. తేడా తెచ్చింది అంకె వెనక ఉన్న రూపాయి.

ఇక్కడిదాకా చెప్పింది బాయిలర్ చిమ్నీ గురించి. నా అసలు బెంగ వేరే.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జీడిమెట్ల వైపు గాని, పరవాడ ఫార్మాసిటీ వైపు గాని రాత్రి పది దాటాక ఇంటి కిటికీ తీసి, లోపలికి వచ్చే వాసన పీల్చినవారికి ఈ బెంగ తెలుసు. 2009లో కేంద్ర మండలి పారిశ్రామిక వాడలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు విశాఖపట్నానికి 70.82, పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చాయి. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. అప్పట్లో ఆ వాసనకు కారణమేమిటని అడిగితే పొగ అనేవాళ్లం. అది పొగ కాదు. మందుల తయారీలో టోలూయిన్, మెథనాల్, ఎసిటోన్, డైక్లోరోమీథేన్ లాంటి ద్రావకాలు వాడతారు. అవి రియాక్టర్ మూత తీసినప్పుడు, డ్రమ్ముల్లోకి వంచినప్పుడు, ట్యాంకు నింపుతుంటే పైన ఉన్న గాలిగొట్టం నుంచి, వ్యర్థజలాల తొట్టి మీద నుంచి గాలిలో కలుస్తాయి. వీటిలో ఏదీ బాయిలర్ చిమ్నీ గుండా పోదు. మన సెన్సరేమో బాయిలర్ చిమ్నీ మీద ఉంది. వంటగదిలో పాలు పొంగుతుంటే వీధి గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నట్టుంది.

సెన్సర్ ఉండడం వేరు, ఉండవలసిన చోట ఉండడం వేరు అన్న పాఠాన్ని మనం విశాఖలో చాలా ఖరీదు కట్టి నేర్చుకున్నాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది, 12 మంది చనిపోయారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంది, కానీ అడుగు భాగంలోనే. మధ్యలో, పైన లేదు. కింద చల్లగా ఉందని అంకె చెబుతుండగానే పైపొరల్లో స్టైరీన్ వేడెక్కి గడ్డకట్టే చర్య మొదలైంది. ఆ సెన్సర్ అబద్ధం చెప్పలేదు. తాను ఉన్నచోటి నిజమే చెప్పింది.

2022లో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని వస్త్ర కర్మాగారంలో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి ఘాటైన వాయువు పీల్చి మహిళా కార్మికులు పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. బట్టలు కుట్టడానికి వచ్చిన అమ్మాయిలు వాళ్లు. ఇలాంటప్పుడు మొదట తెలియాల్సింది రెండే: ఏ వాయువు, ఏ దిక్కు నుంచి. ఆ ఆవరణ చుట్టూ పదిచోట్ల సెన్సర్లు, పక్కనే గాలి దిశ చూపే పరికరం ఉంటే ఆ రెండూ నిమిషాల్లో తెలుస్తాయి. గాలి దిశ లేని సెన్సర్ చిరునామా లేని ఉత్తరం లాంటిది, దొంగ ఉన్నాడని చెబుతుంది, ఏ వీధిలోనో చెప్పదు.

ప్రహరీ చుట్టూ కొలవడం కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో పర్యావరణ సంస్థ 2015లో నియమం తెచ్చి, 2018 నుంచి చమురు శుద్ధి కర్మాగారాలన్నీ ప్రహరీ పొడవునా బెంజీన్ కొలవాలంది. అందులో గొప్ప యంత్రమేమీ లేదు, వేలెడంత గొట్టాలు. రెండు వారాలకోసారి తీసి ప్రయోగశాలకు పంపుతారు. ప్రహరీ చుట్టూ ఉన్న కొలతల్లో అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య తేడా ఏడాది సగటున ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిదిద్దాలి. ఎక్కడి నుంచి లీకవుతోందన్నది కర్మాగారం తలనొప్పి. కంచె దాటిందా లేదా అన్నదే జనానికి కావలసింది. మనకూ విశాఖ నడిబొడ్డున రిఫైనరీ ఉంది, చుట్టూ ఇళ్లున్నాయి.

అయితే ఒక జాగ్రత్త. రేపు మీరు ఫార్మా వాడలకు సెన్సర్ల టెండరు పిలిస్తే ఎక్కువమంది అమ్మజూపేది అతినీలలోహిత దీపంతో పనిచేసే రకం. ఆ దీపపు కాంతి తగిలి అణువులోంచి ఎలక్ట్రాన్ ఊడితేనే అది లెక్కకు వస్తుంది. మామూలుగా వచ్చే దీపం శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. టోలూయిన్‌కు 8.8, ఎసిటోన్‌కు 9.7 చాలు, కనుక అవి దొరుకుతాయి. మెథనాల్‌కు 10.85 కావాలి, డైక్లోరోమీథేన్‌కు 11.3 కావాలి. అంటే మన ఫార్మా వాడల్లో డ్రమ్ములకు డ్రమ్ములు వాడే ఆ రెండు ద్రావకాలూ ఎదురుగా ఆవిరవుతున్నా ఆ సెన్సర్ సున్నా చూపిస్తుంది. 11.7 దీపాలు కూడా ఉన్నాయి గాని వాటి కిటికీ తేమకు త్వరగా పాడవుతుంది, విశాఖ గాలిలో ఎన్నాళ్లు నిలుస్తాయో ఆలోచించుకోవాలి. కాబట్టి ఏ వాడలో ఏ ద్రావకం ఎంత వాడుతున్నారో ముందు రాసుకుని, దాన్ని బట్టి సెన్సర్ ఎంచండి. వెయ్యి సెన్సర్లు పెట్టామన్న ప్రకటన కంటే సరైన పది సెన్సర్లు నయం. వెయ్యి సున్నాలు కలిపినా సున్నాయే.

ఇంకో సెన్సర్ కూడా ఉంది, దానికి టెండరు అక్కరలేదు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మనిషి ముక్కు వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు ఉన్నా పట్టేస్తుంది. చవక సెన్సర్లకు అది చేతకాదు. మా అమ్మ ఎనభై దాటాక కూడా కిటికీ దగ్గర నిలబడి “ఇవాళ తీపి వాసన, నిన్నటిది కాదు” అనేది. జనం ఇచ్చే ఫిర్యాదులను తలనొప్పిగా కాక కొలతగా రాసుకోండి. సమయం, చోటు, ఎలాంటి వాసన, ఆ గంటలో గాలి దిశ. ఒక నెల రాస్తే పటం మీద గీతలు ఒకచోట కలుస్తాయి. శీతాకాలపు రాత్రుల్లో నేల చల్లబడి పైగాలి మూతలా కప్పేస్తుంది, వదిలిందంతా మనుషుల ఎత్తులోనే ఉండిపోతుంది. అందుకే తనిఖీ పగటిపూట 11 గంటలకు చేస్తే ఉపయోగం తక్కువ.

చట్టం సంగతి ఒక్క మాట. 1981 వాయు చట్టం 26వ సెక్షన్ ప్రకారం కోర్టులో నిలవాలంటే యజమానికి నోటీసిచ్చి, శాంపిల్ తీసి, సీలువేసి, సంతకాలు పెట్టించి ప్రయోగశాలకు పంపాలి. ఆన్‌లైన్ అంకె దానికి బదులు కాదు. కానీ 2024 ఏప్రిల్ నుంచి ఆ చట్టంలో చాలా తప్పులకు జైలుశిక్ష పోయి, నిర్ణాయక అధికారి వేసే 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది. ఇక ఆన్‌లైన్ అంకెలకు విలువ ఎంతన్నది తేల్చుకోవలసిన సమయం వచ్చింది. కనీసం యంత్రాన్ని తప్పుదోవ పట్టించడాన్ని అన్నిటికంటే పెద్ద తప్పుగా చూడండి. పొగ ఎక్కువైనవాడు చేతకానివాడు కావచ్చు. జాయింటు విప్పినవాడు చేతకానివాడు కాదు.

పోర్టల్‌లో అంకెలు చూపేటప్పుడు వాటి జాతకం కూడా పెట్టండి. యంత్రాన్ని చివరగా ఎప్పుడు సరిచూశారు, ఎవరు సరిచూశారు, రేంజి ఎంత, ఎప్పుడు మార్చారు, ఎన్ని గంటలు డేటా రాలేదు. పాత అంకెలు చెరిగిపోకుండా ఉండాలి, ఎవరైనా దించుకుని చూసుకునేలా ఉండాలి. ఈ క్షణపు అంకె ఒక్కటే పెట్టి మరుక్షణం మాయం చేస్తే అది రైల్వే స్టేషన్లో బోర్డు లాంటిదే, బండి వెళ్లిపోయాక ఎవరూ ఏమీ రుజువు చేయలేరు. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో పిల్లలు ప్రాజెక్టుల కోసం ఎక్కడెక్కడి డేటానో తవ్వుకుంటున్నారు, వాళ్లకు ఇది ఇవ్వండి. రేంజిలో ఇరుక్కున్న గీతను వాళ్లు ఒక్క సాయంత్రంలో పట్టేస్తారు.

ఇవన్నీ ఒక్కసారే కావని నాకు తెలుసు. ఉమ్మడి నిధికి ఉత్తర్వులు కావాలి, ప్రహరీ సెన్సర్లకు బడ్జెట్ కావాలి. కానీ ఒక పనికి రూపాయి ఖర్చు లేదు, ఉత్తర్వూ అక్కరలేదు. చిమ్నీ ఆక్సిజన్, ఉష్ణోగ్రత రెండూ వస్తున్న కర్మాగారాల డేటా మీ సర్వర్లలో ఇప్పటికే ఉంది. దాన్ని ఒక్క ప్రశ్న అడగండి: చిమ్నీ ఉష్ణోగ్రత 120 డిగ్రీలు దాటి ఉండగా ఆక్సిజన్ 20 శాతం దాటిన గంటలు ఎన్ని, ఎక్కడెక్కడ? జాబితా వచ్చాక ఎవరినైనా పంపి ఆ జాయింట్లు చూడమనండి. నిచ్చెన ఎక్కనక్కరలేదు, ఎనలైజర్ గది నేల మీదే ఉంటుంది. మనుషులు తక్కువైతే నాకు కబురు పెట్టండి, నా రెంచి ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్